ఆస్కార్ నామినేషన్లు: తెలుగు సినీ అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా డిసెంబరు నుంచి మార్చి దాకా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. మన సినిమా ఆస్కార్ బరిలో ఉందని ఒక వార్త వస్తుంది, సంబరాలు మొదలవుతాయి. కొన్నాళ్లకు అసలు జాబితాలో ఆ పేరు కనిపించదు, కోపం మొదలవుతుంది. ఆ సంబరంలోనూ ఆ కోపంలోనూ ఉన్నది సినిమా మీద ప్రేమే. కాకపోతే ఏ దశలో ఎవరు ఓటు వేస్తారో, ఆ ఓటును ఎలా లెక్కిస్తారో తెలియక ఆ కోపం చాలాసార్లు సంబంధం లేని వాళ్ల మీదికి మళ్లుతోంది. అందుకే ఈ ప్రశ్నలను దశలవారీగా కూర్చాము. ఎవరికి కావలసిన ప్రశ్నను వారు నేరుగా చదువుకోవచ్చు. ఇక్కడ చెప్పిన నియమాలు 98వ ఆస్కార్ల నాటివి. ఆస్కార్లు ఇచ్చే సంస్థ అయిన అకాడమీ వీటిని ఏటా సవరిస్తూ ఉంటుంది.

## సినిమా అర్హత సంపాదించే దశ

మా హీరో సినిమా ఆస్కార్ జాబితాలోని 300 సినిమాల్లో ఒకటని వార్త వచ్చింది. నామినేట్ అయినట్టేనా?

కాదు. అది అర్హత పొందిన చిత్రాల జాబితా మాత్రమే. నిర్మాతలు గడువులోగా దరఖాస్తు చేసుకున్నారనీ, విడుదలకు సంబంధించిన షరతులు నెరవేరాయనీ అది చెబుతుంది. సినిమా బాగుందని గానీ, గెలిచే అవకాశం ఉందని గానీ ఆ జాబితాలో ఎవరూ తీర్పు చెప్పరు. 2023 జనవరిలో వెలువడిన ఇలాంటి జాబితాలో 301 సినిమాలు ఉన్నాయి. ఆర్‌ఆర్‌ఆర్‌తో పాటు కాంతార, గంగూబాయి కాఠియావాడి, ది కశ్మీర్ ఫైల్స్ కూడా అందులో ఉండగా, చాలా వార్తా సంస్థలు ఇవన్నీ షార్ట్‌లిస్ట్‌లోకి, అంటే నామినేషన్లకు ముందు ఓటుతో కుదించే చిన్న జాబితాలోకి, చేరాయని రాశాయి. 2025లో అదే జాబితాలో 323 సినిమాలు ఉంటే, వాటిలో బెస్ట్ పిక్చర్ విభాగానికి అర్హత పొందినవి 207 మాత్రమే. ఆ 323లో సూర్య నటించిన కంగువ పేరు కూడా ఉండటంతో అప్పుడూ ఇదే గందరగోళం జరిగింది. అభిమానులు సంతోషించడంలో తప్పేమీ లేదు. ఆ అర్హతను నామినేషన్‌గా మార్చి రాసిన వార్తలే ఆ తర్వాతి నిరాశకు కారణమవుతున్నాయి.

తెలుగు సినిమా అమెరికాలో ఆడితే చాలు, అర్హత వచ్చేస్తుందా?

ఆడటం ఒక్కటే చాలదు. ఎక్కడ, ఎన్ని రోజులు, ఎన్ని ఆటలు ఆడిందన్నదీ చూస్తారు. సినిమా నిడివి 40 నిమిషాలకు మించి ఉండాలి. లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, షికాగో, డాలస్-ఫోర్ట్‌వర్త్, అట్లాంటా అనే ఆరు ప్రాంతాలలో ఏదో ఒకచోట, టికెట్లు అమ్మే థియేటర్‌లో, వరుసగా ఏడు రోజులు ప్రదర్శించాలి. రోజుకు కనీసం మూడు ఆటలు పడాలి, వాటిలో ఒకటి సాయంత్రం 6 నుంచి 10 గంటల మధ్య మొదలవ్వాలి. డాలస్‌లోనూ బే ఏరియాలోనూ మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నందువల్ల పేరున్న తెలుగు సినిమాకు ఈ షరతు మామూలు విడుదలతోనే తీరిపోతుంది. అసలు అడ్డంకి కాగితాల దగ్గర ఉంది. నిర్మాత గానీ పంపిణీదారు గానీ వివరాలన్నిటితో అకాడమీకి గడువులోగా దరఖాస్తు చేయకపోతే, సినిమా ఎంత బాగా ఆడినా ఆ జాబితాలోకి రాదు. మన సినిమాలు ఎన్నో ఇక్కడే ఆగిపోతున్నాయి.

బెస్ట్ పిక్చర్‌కు కూడా ఇవే షరతులా?

ఇవి కాక మరికొన్ని ఉన్నాయి. 2024లో విడుదలైన సినిమాల నుంచి ఒక కొత్త నిబంధన అమలవుతోంది. మొదటి ఏడు రోజుల ప్రదర్శన తర్వాత 45 రోజుల్లోగా, అమెరికాలోని అతి పెద్ద 50 మార్కెట్లలో పదింటిలో మరో ఏడు రోజులు ఆడించాలి. దీనితో పాటు నటీనటులలో, సాంకేతిక బృందంలో, శిక్షణ అవకాశాలలో, ప్రచార విభాగంలో వివిధ వర్గాలకు చోటు కల్పించడానికి అకాడమీ పెట్టిన నాలుగు ప్రమాణాలలో కనీసం రెండింటిని తీర్చినట్టు పత్రం సమర్పించాలి.

నేరుగా ఓటీటీలో వచ్చిన సినిమాను పంపవచ్చా?

సాధారణంగా కుదరదు. సినిమా మొదట థియేటర్‌లోనే ప్రదర్శితం కావాలి. కరోనా కాలంలో మాత్రం ఈ నియమాన్ని తాత్కాలికంగా సడలించారు. 2020 నవంబరులో నేరుగా ప్రైమ్ వీడియోలో విడుదలైన సూరరై పోట్రు, మనకు ఆకాశం నీ హద్దురా, మరుసటి ఏడాది అర్హత జాబితాలో చేరింది ఆ సడలింపు వల్లనే.

## దేశం తరఫున ఎంట్రీ పంపే దశ

ఆర్‌ఆర్‌ఆర్‌ను భారత ప్రభుత్వం ఎందుకు పంపలేదు?

పంపేది ప్రభుత్వం కాదు. ఇంగ్లీషేతర చిత్రాల కోసం ఉన్న ఇంటర్నేషనల్ ఫీచర్ విభాగానికి ఒక్కో దేశం ఒక్క సినిమానే పంపాలి. మన దేశంలో ఆ ఎంపిక ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నియమించే కమిటీ చేతిలో ఉంటుంది. ఇది చిత్ర పరిశ్రమకు చెందిన సంస్థ. 2022లో ఆ కమిటీ పాన్ నలిన్ దర్శకత్వం వహించిన ఛెల్లో షో అనే గుజరాతీ చిత్రాన్ని ఎంచుకుంది. అంతమాత్రాన ఆర్‌ఆర్‌ఆర్‌కు దారులన్నీ మూసుకుపోలేదు. మిగతా విభాగాలకు దేశం సిఫారసు అక్కర్లేదు కనుక, చిత్ర బృందం అమెరికా పంపిణీదారుతో కలిసి నేరుగా దరఖాస్తు చేసుకుంది.

ఆ రోజుల్లో ఛెల్లో షో మీద మనవాళ్లలో కొందరు కురిపించిన విమర్శలు అన్యాయమైనవని స్పష్టంగా చెప్పాలి. సినిమా చూడకుండానే దాన్ని చిన్నబుచ్చారు. అదే సినిమా ఆ డిసెంబరులో ప్రపంచ దేశాల ఎంట్రీలతో పోటీపడి చివరి 15లో నిలిచింది. కమిటీ నిర్ణయంతో విభేదించే హక్కు అందరికీ ఉంది. కానీ ఎంపికైన సినిమా తీసిన వాళ్లు ఏ తప్పూ చేయలేదు.

ఒక్క తెలుగు సినిమా కూడా ఎప్పుడూ భారత ఎంట్రీగా వెళ్లలేదా?

వెళ్లింది. కె. విశ్వనాథ్ దర్శకత్వంలో కమల్ హాసన్, రాధిక నటించిన స్వాతిముత్యం 1986లో మన దేశం తరఫున అధికారిక ఎంట్రీగా వెళ్లింది. నామినేషన్ దక్కలేదు. ఈ విభాగంలో మన దేశానికి ఇప్పటిదాకా వచ్చినవి మూడే నామినేషన్లు: మదర్ ఇండియా, సలాం బాంబే, లగాన్. 2002 తర్వాత మళ్లీ రాలేదు.

హిందీ సినిమా సంతోష్‌ను బ్రిటన్ ఎలా పంపింది?

ఈ విభాగంలో భాష ఒక షరతు, దేశం వేరే షరతు. సంభాషణల్లో సగానికి పైగా ఇంగ్లీషు కాని భాషలో ఉండాలి, సినిమా అమెరికా బయట నిర్మితమై ఉండాలి. ఆ భాష పంపే దేశపు భాషే కావాలని ఇప్పుడు నియమం లేదు. సంధ్యా సూరి దర్శకత్వం వహించిన సంతోష్ బ్రిటిష్ నిర్మాణంలో రూపొందినందువల్ల 97వ ఆస్కార్లకు బ్రిటన్ దాన్ని పంపగలిగింది, అది షార్ట్‌లిస్ట్‌కు కూడా చేరింది. అదే ఏడాది పాయల్ కపాడియా చిత్రం ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్‌కు ఎదురైన పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి గెలిచిన ఆ సినిమాను భారత్ పంపలేదు, లాపతా లేడీస్‌ను పంపింది. సహ నిర్మాణ దేశమైన ఫ్రాన్స్ కూడా ఎమిలియా పెరెజ్‌ను ఎంచుకుంది. దేశానికి ఒక్కటే అన్న నియమం వల్ల ఎంత మంచి సినిమా అయినా ఇలా రెండు వైపులా చోటు కోల్పోవచ్చు. నా దృష్టిలో ఈ విభాగంలో మొదట మారవలసిన నియమం ఇదే.

## షార్ట్‌లిస్ట్ దశ

బెస్ట్ యాక్టర్ షార్ట్‌లిస్ట్‌లో మా హీరో ఉన్నాడంటున్నారు. నమ్మవచ్చా?

నమ్మవద్దు. నటన, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, బెస్ట్ పిక్చర్ విభాగాలకు అకాడమీ షార్ట్‌లిస్ట్ ప్రకటించదు. ఇంటర్నేషనల్ ఫీచర్, డాక్యుమెంటరీ, లఘుచిత్రాలు, నేపథ్య సంగీతం, పాట, సౌండ్, విజువల్ ఎఫెక్ట్స్, మేకప్ వంటి కొన్ని విభాగాలకే డిసెంబరులో అది వస్తుంది. నటుల పేర్లతో అంతకుముందే తిరిగే జాబితా ఏదైనా పత్రికల అంచనా అయి ఉండాలి, లేదా ఎవరో కల్పించినదై ఉండాలి.

నాటు నాటు ఎన్ని పాటల మధ్య నుంచి నామినేషన్ దాకా వచ్చింది?

ఆ ఏడాది పాట విభాగంలో అర్హత పొందినవి 81 పాటలు. 2022 డిసెంబరు 21న వాటిని 15కు కుదించారు, జనవరిలో ఐదింటికి. రెండు వడపోతల్లోనూ ఓటు వేసింది అకాడమీ సంగీత విభాగ సభ్యులే. పాట సాహిత్యం, బాణీ రెండూ ఆ సినిమా కోసమే కొత్తగా పుట్టి ఉండాలన్నది ఇక్కడ ప్రధాన నియమం. అందుకే రీమిక్సులకు, పాత పాటల పునర్వినియోగానికి ఇక్కడ చోటు లేదు.

పాటకు వచ్చిన గుర్తింపు విజువల్ ఎఫెక్ట్స్‌కు ఎందుకు రాలేదు?

ఒక్కో విభాగానికి ఓటర్లు వేరు. పాటను మెచ్చిన సంగీత విభాగ సభ్యులకు విజువల్ ఎఫెక్ట్స్ నామినేషన్లలో ఓటు ఉండదు. ఆ విభాగంలో ముందుగా పది సినిమాలను ఎంపిక చేసి, వాటి ముఖ్య ఘట్టాలను సభ్యులకు ప్రదర్శించి, ఓటింగ్ ద్వారా ఐదింటికి కుదిస్తారు. 95వ ఆస్కార్లలో ఆర్‌ఆర్‌ఆర్ ఆ పదిలోకి చేరలేదు.

## నామినేషన్ల ఓటింగ్ దశ

ఇంతకీ ఓటు వేసేది ఎవరు? జ్యూరీయా, విలేకరులా?

ఇద్దరూ కాదు. ఓటు వేసేది 1927లో ఏర్పడిన అకాడమీ ఆఫ్ మోషన్ పిక్చర్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ సభ్యులు, అంటే సినిమా రంగంలో పనిచేసే వాళ్లు. వివిధ దేశాలకు చెందిన ఈ సభ్యుల సంఖ్య పదివేలకు పైమాటే. వృత్తిని బట్టి వీరు శాఖలుగా ఉంటారు. నటీనటుల నామినేషన్లను నటీనటులు, ఎడిటింగ్ నామినేషన్లను ఎడిటర్లు, దర్శకత్వ నామినేషన్లను దర్శకులు నిర్ణయిస్తారు. బెస్ట్ పిక్చర్ నామినేషన్లకు మాత్రం అన్ని శాఖల వారూ ఓటు వేస్తారు. ఓట్లను లెక్కించేది ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ అనే ఆడిట్ సంస్థ.

అందరికీ నచ్చిన సినిమాకు రాకుండా, కొందరికే నచ్చిన దానికి నామినేషన్ ఎలా వస్తుంది?

ఇది చాలా మంచి ప్రశ్న. అభిమానుల్లో వచ్చే కోపానికి సగం సమాధానం ఈ లెక్కలోనే ఉంది కనుక కొంచెం వివరంగా చూద్దాం.

ఓటరు ఐదు పేర్లు రాస్తాడు, కానీ ఆ ఐదింటికీ సమానంగా మార్కులు పడవు. అవి వరుస క్రమంలో ఇచ్చే ప్రాధాన్యాలు. మన ఎమ్మెల్యేలు రాజ్యసభ సభ్యులను ఎన్నుకునేటప్పుడు అనుసరించే పద్ధతి కూడా ఇదే. ఒక శాఖలో 600 మంది ఓటు వేశారనుకుందాం. ఐదు స్థానాలు ఉన్నాయి కనుక 600ను ఆరుతో భాగించి ఒకటి కలపాలి, 101 వస్తుంది. ఆరుతోనే ఎందుకంటే, ఐదుగురికి తలా 101 ఓట్లు పడితే మొత్తం 505 అవుతుంది, మిగిలిన 95 ఓట్లతో ఆరో వ్యక్తి ఎలాగూ గెలవలేడు. కాబట్టి 101 ఓట్లు సంపాదించిన వారికి నామినేషన్ ఖాయం.

లెక్కింపు మొదటి ప్రాధాన్య ఓట్లతో మొదలవుతుంది. ఒక సినిమాను 110 మంది మొదటి స్థానంలో పెట్టి, మిగతా 490 మంది అసలు రాయకపోయినా అది నామినేట్ అయిపోతుంది. మరో సినిమాను 400 మంది నాలుగో స్థానంలో పెట్టారనీ, పదిమంది మాత్రమే మొదటి స్థానం ఇచ్చారనీ అనుకుందాం. తొలి విడతల్లోనే తక్కువ ఓట్లతో అది తప్పుకుంటుంది. ఆ పదిమంది కాగితాలు వారి రెండో ఎంపికకు బదిలీ అవుతాయి. ఇలా అడుగున ఉన్న వాటిని తొలగిస్తూ, ఓట్లను బదిలీ చేస్తూ ఐదు స్థానాలూ నిండే దాకా లెక్క సాగుతుంది. అవసరానికి మించి మొదటి ఓట్లు వచ్చిన వారి అదనపు బలాన్ని తర్వాతి ఎంపికలకు పంచే ఏర్పాటు కూడా ఇందులో ఉంది.

అంటే నామినేషన్ దశలో చాలామందికి కొద్దిగా నచ్చడం కన్నా కొద్దిమందికి గాఢంగా నచ్చడమే బలం. బెస్ట్ పిక్చర్‌కు పది స్థానాలు ఉన్నందువల్ల అక్కడ అవసరమయ్యే ఓట్ల వాటా పదకొండో వంతుకు తగ్గుతుంది. మన భాషే తెలియని ఓటర్ల మధ్య మన సినిమాకు ఆశ కలిగించే పద్ధతి కూడా ఇదే. అందరినీ ఒప్పించనక్కర్లేదు, ప్రాణం పెట్టి ప్రేమించే ఒక గుంపు ఉంటే చాలు.

సోషల్ మీడియాలో ట్రెండ్ చేస్తే ఉపయోగం ఉంటుందా?

ఓట్ల లెక్కలో ఉండదు. 2022లో ట్విటర్ ద్వారా అభిమానుల ఓటింగ్ ఒకటి పెట్టారు. అందులో ఆర్మీ ఆఫ్ ది డెడ్ మొదటి స్థానంలో నిలిచింది. దానికి ఆస్కార్ ప్రతిమ గానీ, నామినేషన్ గానీ రాలేదు. వేదిక మీద ప్రస్తావనతో సరిపెట్టారు.

80 కోట్లు పోసి నామినేషన్ కొన్నారంటున్నారు. నిజమా?

నామినేషన్ కొనేది కాదు. కానీ ప్రచారానికి డబ్బు ఖర్చవుతుందన్నది నిజం. సభ్యులకు ప్రత్యేక ప్రదర్శనలు వేయాలి, ప్రదర్శన తర్వాత దర్శకుడితో, నటీనటులతో ముఖాముఖి ఏర్పాటు చేయాలి, పత్రికల్లో ప్రకటనలు ఇవ్వాలి, బృందానికి ప్రయాణ ఖర్చులు భరించాలి. ఆర్‌ఆర్‌ఆర్ విషయంలో 80 కోట్లు అన్న మాట విస్తృతంగా ప్రచారమైంది. ఆ ప్రచార బాధ్యతలు చూసిన ఎస్.ఎస్. కార్తికేయ దాన్ని ఖండించి, ఐదు కోట్లు అనుకుంటే దాదాపు ఎనిమిదిన్నర కోట్లు అయిందని ఇంటర్వ్యూలో వివరించారు.

ప్రచారానికి హద్దులు కూడా ఉన్నాయి. 2014లో పాట విభాగంలో స్వరకర్త బ్రూస్ బ్రాటన్‌కు వచ్చిన నామినేషన్‌ను అకాడమీ రద్దు చేసింది. అంతకుముందు అకాడమీ గవర్నర్‌గా పనిచేసిన ఆయన, తన పాటను గమనించమని సంగీత విభాగ సభ్యులకు ఈమెయిల్ పంపడమే కారణం. 2023లో టు లెస్లీ చిత్రానికి ఆండ్రియా రైజ్‌బరో నామినేట్ అయినప్పుడు, తోటి నటీనటులు సోషల్ మీడియాలో చేసిన ప్రచారంపై అకాడమీ సమీక్ష జరిపింది. నామినేషన్‌ను అలాగే ఉంచింది గానీ కొన్ని పద్ధతులు ఆందోళన కలిగించాయని ప్రకటించింది. కాబట్టి అభిమానులు ఓటర్ల ఖాతాలను వెతికి వరుసగా సందేశాలు పంపడం మన సినిమాకు మేలు చేసే పని కాదు.

## ప్రకటన రోజు

నామినేషన్లను మన టైమ్ ప్రకారం ఎప్పుడు ప్రకటిస్తారు?

సాధారణంగా జనవరిలో, లాస్ ఏంజెలెస్ సమయం ప్రకారం ఉదయం 5:30కు. మనకు అది సాయంత్రం 7 గంటలు. బెవర్లీ హిల్స్‌లోని శామ్యూల్ గోల్డ్‌విన్ థియేటర్ నుంచి ప్రత్యక్ష ప్రసారం చేస్తారు. తేదీ మారే అవకాశమూ ఉంటుంది. 2025లో లాస్ ఏంజెలెస్ కార్చిచ్చుల వల్ల ఓటింగ్ గడువు పొడిగించి, ప్రకటనను జనవరి 23కు జరిపారు.

నాటు నాటు పేరు నాలుగోది చదివారు. అంటే ఓట్లలో నాలుగో స్థానమా?

కాదు. పేర్లను ఇంగ్లీషు అక్షర క్రమంలో చదువుతారు. 2023 జనవరి 24న పాట విభాగంలో వినిపించిన వరుస ఇది: అప్లాజ్, హోల్డ్ మై హ్యాండ్, లిఫ్ట్ మీ అప్, నాటు నాటు, దిస్ ఈజ్ ఎ లైఫ్. ఎన్నో తెలుగు ఇళ్లలో ఆ నాలుగో పేరు వినబడే దాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అకాడమీ ఎప్పుడూ బయటపెట్టదు.

ఎన్టీఆర్, రామ్‌చరణ్ పేర్లు అమెరికా పత్రికల్లో వచ్చాయి కదా. చివరికి ఎందుకు రాలేదు?

2022 ఆగస్టులో వెరైటీ పత్రిక తన బెస్ట్ యాక్టర్ అంచనాల్లో ఎన్టీఆర్ పేరు ప్రస్తావించడంతో మనదగ్గర అది పెద్ద వార్త అయింది. అది పరిశీలించదగ్గ నటుల జాబితా మాత్రమే, దానికి ఓటింగ్‌తో సంబంధం లేదు. చివరికి ఆ ఏడాది ఆస్టిన్ బట్లర్, కాలిన్ ఫారెల్, బ్రెండన్ ఫ్రేజర్, పాల్ మెస్కల్, బిల్ నై నామినేట్ అయ్యారు. ఫ్రేజర్ గెలిచారు.

ఆ నెలల్లో నన్ను నిజంగా బాధపెట్టింది నామినేషన్ రాకపోవడం కాదు. ఏ పత్రిక ఏ హీరో పేరు ముందు రాసిందన్న దాని మీద రెండు అభిమాన వర్గాలు ఒకరినొకరు దూషించుకోవడం బాధపెట్టింది. ఇద్దరూ కలిసి వేసిన అడుగులకే ఆ పాట అంతదూరం వెళ్లింది. ఒకరి కాలును తీసేస్తే ఆ నృత్యమే లేదు. తెలుగు నటుల పేర్లు హాలీవుడ్ పత్రికల్లో కనబడిన ఆ అరుదైన రోజుల్లో మనం ఒకరి పేరును ఇంకొకరితో కొట్టించుకున్నాం.

బెస్ట్ పిక్చర్‌కు నామినేట్ చేసి దర్శకుడిని వదిలేస్తే అది అవమానం కాదా?

చూసేవారికి అలా అనిపించడం సహజం, కానీ అందులో ఎవరి కుట్రా ఉండనక్కర్లేదు. బెస్ట్ పిక్చర్‌కు పది స్థానాలు, దర్శకత్వానికి ఐదే. పైగా మొదటిదానికి సభ్యులందరూ, రెండోదానికి దర్శకుల శాఖ మాత్రమే ఓటు వేస్తారు. 2024లో బార్బీకి బెస్ట్ పిక్చర్ నామినేషన్ వచ్చింది, దర్శకురాలు గ్రెటా గర్విగ్‌కు దర్శకత్వంలో రాలేదు, స్క్రీన్‌ప్లేలో వచ్చింది. 2013లో బెన్ అఫ్లెక్‌కు దర్శకుడిగా నామినేషనే లేదు, ఆయన తీసిన ఆర్గో ఏకంగా బెస్ట్ పిక్చర్ గెలిచింది.

## ప్రకటన తర్వాత

గెలుపును కూడా ఆయా శాఖల వాళ్లే నిర్ణయిస్తారా?

లేదు. తుది ఓటింగ్‌లో సభ్యులందరూ అన్ని విభాగాల్లోనూ ఓటు వేయవచ్చు. బెస్ట్ పిక్చర్‌కు ప్రాధాన్య క్రమ పద్ధతి కొనసాగుతుంది, మిగతా వాటిలో ఎక్కువ ఓట్లు వచ్చిన వారే విజేత. ఒక విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నిటినీ చూస్తేనే ఆ విభాగంలో ఓటు వేయాలన్న నియమం 98వ ఆస్కార్ల నుంచి అమలైంది. చిన్న సినిమాలకు ఇది చాలా మేలు చేసే మార్పు.

నాటు నాటుకు ఆస్కార్ వస్తే గాయకులకు, డ్యాన్స్ మాస్టర్‌కు ఎందుకు ఇవ్వలేదు?

ఆ విభాగం పాటను సృష్టించిన వారిది. అందుకే స్వరకర్త ఎం.ఎం. కీరవాణి, గీత రచయిత చంద్రబోస్ ప్రతిమలు అందుకున్నారు. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ 2023 మార్చి 12న అదే వేదికపై పాటను ప్రత్యక్షంగా ఆలపించారు.

నృత్యానికి ఆస్కార్‌లో ఇప్పుడు విభాగమే లేదు. 1935 నుంచి 1937 దాకా విడుదలైన చిత్రాలకు నృత్య దర్శకత్వ అవార్డు ఇచ్చి, తర్వాత ఆపేశారు. పాట ప్రపంచాన్ని చుట్టి రావడానికి అడుగులు ఎంతటి కారణమో చూసిన ఎవరికైనా ఇది లోటుగానే తోస్తుంది. మన జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఆ విభాగం ఉంది కనుక 69వ అవార్డుల్లో ప్రేమ్ రక్షిత్‌కు ఉత్తమ నృత్య దర్శకుడి గౌరవం దక్కింది. పోరాటాల విషయంలో మాత్రం ఆస్కార్ మారుతోంది. 2027లో విడుదలయ్యే సినిమాలతో మొదలుపెట్టి, 2028లో జరిగే 100వ ఆస్కార్ల నుంచి స్టంట్ డిజైన్ అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో అకాడమీ ప్రకటించింది. ఆ ప్రకటనతో పాటు విడుదల చేసిన చిత్రాల్లో ఆర్‌ఆర్‌ఆర్ దృశ్యం కూడా ఉంది.

జై హో ముందే గెలిచింది కదా. నాటు నాటును మొదటిదని ఎందుకంటారు?

2009లో ఏ.ఆర్. రెహమాన్, గుల్జార్‌లకు అవార్డు తెచ్చిన జై హో, బ్రిటిష్ చిత్రమైన స్లమ్‌డాగ్ మిలియనీర్ లోనిది. భారతీయ నిర్మాణంలో వచ్చిన సినిమా పాటకు ఆస్కార్ రావడం నాటు నాటుతోనే మొదలు. రెండూ మనకు గర్వకారణాలే, ఒకదాన్ని తక్కువ చేస్తే తప్ప ఇంకొకటి ఎక్కువ కాదన్నట్టు వాదించనక్కర్లేదు.

నామినేషన్ వల్ల పేరు తప్ప శాశ్వతంగా మిగిలేది ఏమైనా ఉందా?

ఉంది, ఓటు హక్కు. నామినేట్ అయిన వారిని అకాడమీ సభ్యత్వానికి పరిశీలిస్తుంది. 2023లో కీరవాణి, చంద్రబోస్, ఎన్టీఆర్, రామ్‌చరణ్, ఛాయాగ్రాహకుడు కె.కె. సెంథిల్ కుమార్, కళాదర్శకుడు సాబు సిరిల్‌లకు ఆహ్వానాలు అందాయి. 2024లో రాజమౌళి, రమా రాజమౌళి, ప్రేమ్ రక్షిత్‌లకు అందాయి. ఒక్క సినిమా బృందం నుంచి ఇంతమందికి పిలుపు రావడమంటే తెలుగు సినిమా ఎలా తయారవుతుందో లోపలి నుంచి తెలిసిన ఓటర్లు ఆయా శాఖల్లోకి చేరడమే. తర్వాతి తెలుగు సినిమా వెళ్లినప్పుడు దాన్ని చూడమని తోటి సభ్యులకు చెప్పగలవాళ్లు వీరు.

అభిమానిగా నేను నిజంగా చేయగలిగినది ఏమైనా ఉందా?

ప్రేక్షకుడిగా చేయగలిగినది చాలా ఉంది. ఆర్‌ఆర్‌ఆర్ 2022 మార్చి 25న విడుదలైనప్పుడు అమెరికాలో దాన్ని ఎక్కువగా చూసింది మనవాళ్లే. జూన్ 1న మళ్లీ థియేటర్లలోకి తెచ్చినప్పుడు తెలుగు తెలియని ప్రేక్షకులు కదిలారు. సెప్టెంబరు 30న హాలీవుడ్‌లోని టీసీఎల్ చైనీస్ ఐమాక్స్ ప్రదర్శనకు టికెట్లన్నీ 20 నిమిషాల్లో అమ్ముడయ్యాయి, పాట రాగానే జనం తెర ముందుకు వెళ్లి నృత్యం చేశారు. ఆ వీడియోలు సినిమాకు ఏ ప్రకటనా ఇవ్వలేని బలం ఇచ్చాయి.

కాబట్టి డాలస్‌లోనో బే ఏరియాలోనో ఉన్నవారు నచ్చిన సినిమాకు మన భాష రాని ఒక సహోద్యోగిని వెంట తీసుకెళ్లవచ్చు. సబ్‌టైటిల్స్ సరిగా లేకపోతే నిర్మాణ సంస్థకు చెప్పవచ్చు. ఇక్కడ ఉన్నవారు ఏ జాబితా కనబడినా పంచుకునే ముందు అకాడమీ అధికారిక వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోవచ్చు. పెద్ద హీరోలు లేని మంచి తెలుగు సినిమా వచ్చినప్పుడు నిర్మాతను దరఖాస్తు చేయమని అడగండి, ఆ మాట గడువు దాటాక కాకుండా విడుదల రోజుల్లోనే అడగండి.